వంతెన చీటీలు

డ్రైవర్లు నాకు పెట్టిన పేరు గడియారం. ఎదురుగా ఉన్నప్పుడు సార్ అనేవాళ్ళు. అటు తిరగ్గానే "గడియారం కొట్టిందా?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళు. వాళ్ళని అని లాభం లేదు. పద్దెనిమిదేళ్ళు ఆ రవాణా కంపెనీ ఆఫీసులో, ఫ్యాను కింద, కిటికీ పక్కన కూర్చుని నేను చేసిన పని ఒక్కటే. ఏ లారీ ఎక్కడికి ఎన్ని గంటల్లో చేరాలో పట్టిక రాయడం, చేరనివాడి పేరు పక్కన ఎర్ర గీత గీయడం. గోదాము నుంచి రేవుకి పదకొండు గంటలు అని రాసింది నేనే. దూరాన్ని వేగంతో భాగించి రాశాను. భాగహారంలో తప్పు పోలేదు. ఆ దారిని మాత్రం అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు. గట్టు మీద కూర్చుని ఈత నేర్పడం అంటారే, అదే నా ఉద్యోగం.

ఏడాదిలో ఐదు గీతలు పడితే డ్రైవరు చేతిలోంచి తాళం తీసుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. పోయే బండికీ వచ్చే బండికీ గొలుసు దించడం, ఎత్తడం. స్టీరింగు పట్టిన చేతికి అంతకంటే తలవంపు ఇంకోటి లేదు.

ఆ డ్రైవర్లలో మా ఆవిడ అన్నయ్య కూడా ఒకడు. మా బావ. అందరూ ఆయన్ని నత్త అనేవాళ్ళు, ఆయన కూడా నవ్వేవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన లారీకి సొట్ట పడిందని విన్నవాడు లేడు. కానీ ఆయన పేరు పక్కన ఎప్పుడు చూసినా రెండో మూడో ఎర్ర గీతలు ఉండేవి. తల్లీ తండ్రీ పోయాక చెల్లెల్ని పెంచి పెద్దచేసి నా చేతిలో పెట్టిన మనిషి. తన భార్య చనిపోయాక మా మేడ మీద గదిలోకి మారాడు. పగలు ఆయన పేరు పక్కన గీత గీసేవాణ్ణి, సాయంత్రం ఆయన పక్కనే కూర్చుని భోంచేసేవాణ్ణి. ఆయన ఒక్కనాడు కూడా ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కొత్త మేనేజరు వచ్చాక నా బల్లని కిటికీ పక్కనుంచి మెట్ల కిందికి జరిపించాడు. నా పట్టికకి మాత్రం అద్దం బిగించి గోడకి పెట్టించాడు. మనిషి మెట్ల కింద, మనిషి రాసిన కాగితం గోడ మీద. మూడు నెలలు ఓర్చుకున్నాను. ఇకమీదట ఎవడి ముందూ చేతులు కట్టుకోకూడదు, నా బండికి నేనే యజమాని, నేనే డ్రైవరు కావాలి అన్న పురుగు తలలో దూరింది అప్పుడే. పాత లారీ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసిన రోజే రాజీనామా రాసిచ్చాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు.

మా ఆవిడ అరవలేదు. బట్టలు మడతపెడుతూ అంతా విని, "మా అన్నయ్య సరేనంటే నాకూ సరే" అంది.

మా బావ నవ్వాడు. "గడియారానికి చక్రాలొచ్చాయన్నమాట" అన్నాడు. తర్వాత, "నడపడం నేర్పుతాను బావా. ఆగడం కూడా నేర్చుకుంటానంటేనే" అన్నాడు.

చలికాలమంతా నేర్పాడు. గేర్లు నలిగాయి, నా పరువు నలిగింది, ఓ గోడ మూల కూడా నలిగింది. లైసెన్సు చేతికొచ్చి, మొదటి సరుకు ఎక్కించుకునేసరికి ఎండాకాలం మొదలైంది. ఆ మొదటి ట్రిప్పుకి బావ సెలవు పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి, దారిలో రోడ్డుకి ఒక పక్క చెట్ల వరస ఉన్న చోట బండి ఆపించాడు. అప్పటికే అక్కడ నాలుగైదు లారీలు ఆగి ఉన్నాయి. బావ దిగి, వెనక టైరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇక్కడ చెయ్యి పెట్టు."

పెట్టాను. చురుక్కుమంటే వెంటనే తీసేశాను.

"అరచెయ్యి ఆనించి పది దాకా లెక్కపెట్టగలిగితే బయలుదేరు. లేకపోతే ఆగు. బయలుదేరమని టైరు చెప్పాలి గానీ గడియారం కాదు" అన్నాడు. అన్నాక నా మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

"మనిషికీ అంతే" అన్నాడు, లారీ కింద నీడలో తువ్వాలు పరుస్తూ. "ఎండలో రెండింటి నుంచి నాలుగింటి దాకా రోడ్డు మనల్ని జోకొడుతుంది. అప్పుడు నడిపేవాడు ధైర్యస్థుడు కాదు. తెలివితక్కువవాడు."

ఆయన ఇట్టే నిద్రపోయాడు. నేను పడుకుని గంటకి పదిసార్లు వాచీ చూసుకున్నాను. రేవుకి చేరేసరికి పదమూడున్నర గంటలైంది.

వారం తర్వాత ఆఫీసుకి వెళితే, మెట్ల కింద నా కుర్చీలో కూర్చున్న కొత్త గుమస్తా రిజిస్టరు తిప్పి చూపించాడు. సొంత లారీలవాళ్ళకీ అదే పట్టిక, అవే ఐదు గీతలు. ఐదు పడితే సరుకు ఇవ్వరు. నేను గళ్ళు కొట్టిన రిజిస్టరు అది. నేను కొనిపించిన ఎర్ర సిరా. అందులో నా పేరు, పక్కన గీత.

అప్పుడే అక్కడే, "ఈ పట్టిక తప్పు, నేను వెళ్ళి చూశాను, రెండు గంటలు కలపండి" అని ఉంటే సరిపోయేది. నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు బాగానే తెలుసు. ఆ మాట అంటే పద్దెనిమిదేళ్ళుగా నేను గీసిన గీతలన్నీ తప్పని ఒప్పుకున్నట్టే. మా బావ పేరు పక్కన గీసినవి కూడా. తప్పు ఒప్పుకోవడం కంటే తప్పు కప్పిపుచ్చడం నాకు బాగా వచ్చిన విద్య. ఆఫీసులో అంతకాలం కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.

గేటు గుమస్తా నేను ఉద్యోగంలో పెట్టించినవాడే. బండి బయటికి పోయేటప్పుడు చీటీ మీద టైము ముద్ర వేసేది అతను. కంపెనీ లెక్క ఆ ముద్ర నుంచే మొదలవుతుంది.

"నేను నాలుగింటికి బండి బయటికి తీస్తాను. నా చీటీ మీద ముద్ర ఆరింటికి వెయ్యి" అన్నాను.

"రూలు ఒప్పుకోదేమో సార్."

"ఆ రూలు రాసిందెవరు?"

అతను తల గోక్కున్నాడు. "మీరే సార్."

"మరింకేం?"

అలా నాకు రోజులో రెండు గంటలు దొరికాయి. ఆ రెండు గంటలూ నేను మా బావ చెప్పినట్టే వాడుకున్నాను. మధ్యాహ్నం ఆగాను, టైర్లు చల్లారనిచ్చాను, పడుకున్నాను. కాకపోతే చెట్ల వరస దగ్గర కాదు. అక్కడ ఆగితే పదిమంది కళ్ళలో పడతాను. ఇంకో గంట ముందుకు వెళితే మూతబడిన నూనె మిల్లు ఒకటి ఉంది. దాని ప్రహరీ గోడ వెనక్కి బండి పోనిస్తే రోడ్డు మీదికి కనపడదు. ఒంటిగంట నుంచి మూడింటి దాకా అక్కడ దర్జాగా నిద్రపోయి, సాయంత్రం ఐదింటికి రేవులో ముద్ర వేయించుకునేవాణ్ణి. కాగితం మీద ఆరు నుంచి ఐదు. పదకొండు గంటలు. నా పట్టిక నిజమైంది. అది చూసుకుని నేను మురిసిపోయాను కూడా. ఇవాళ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మురిసిపోయిన మాట నిజం.

ఇంట్లో మా ఆవిడకి ఒక అలవాటు. చొక్కాలు ఉతికే ముందు జేబులు వెతుకుతుంది. రేవు వైపు వంతెన దాటేటప్పుడు ప్రతి బండికీ ఓ చిన్న చీటీ ఇస్తారు, తేదీ, టైము అచ్చు వేసి. అవి నా జేబుల్లో ఉండిపోయేవి. ఆమె ఒక్కొక్కటీ తీసి నలగకుండా సాపుచేసి, వంటింట్లో మేకుకి వేలాడే ఇనప తీగకి గుచ్చేది.

"అవెందుకే, చెత్త. పారెయ్" అన్నాను ఓసారి.

"ఉండనివ్వండి. మీరు వంతెన దాటినట్టు నాకో గుర్తు" అంది.

తెల్లారకముందే నేను మెట్లు దిగుతుంటే పైన గదిలోంచి బావ దగ్గు వినిపించేది. ఒకనాడు సాయంత్రం టీ తాగుతూ అడిగాడు. "నాలుగింటికే గేటు దగ్గర ఉంటున్నావట. చీటీ ఆరింటిదేగా. ఆ రెండు గంటలూ ఏం చేస్తావు బావా?"

"బండి తుడుచుకుంటాను" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా." చెల్లెలి వైపు తిరిగి, "చూశావటే, నిన్ను ఇంత శ్రద్ధగా ఎప్పుడైనా చూసుకున్నాడా?" అన్నాడు.

"ఆ లారీనై పుట్టినా బాగుండేది" అంది మా ఆవిడ. ముగ్గురం నవ్వాం. ఆ ఎండాకాలంలో మేం ముగ్గురం కలిసి నవ్వింది అదే ఆఖరు.

ఆ వారాంతంలోనే గేటుకి నోటీసు అంటించారు.

అంతవరకూ ఎండాకాలంలో గంటన్నర, రెండు గంటలు ఆలస్యమైతే చూసీ చూడనట్టు పోవడం ఆఫీసులో ఆనవాయితీ. కాగితం మీద లేదు, కానీ ఉండేది. నేను కూడా, ఆ మేరకు మనిషినే, వేసవిలో గీతలు తగ్గించేవాణ్ణి. నోటీసు ఆ వెసులుబాటు తీసేసింది. "కొత్తగా డ్రైవింగు మొదలుపెట్టిన సొంత లారీ యజమాని ఒకరు వరసగా పద్నాలుగు ట్రిప్పులు పదకొండు గంటల్లోనే చేశారు. కాబట్టి పట్టికలో ఉన్న సమయం సరైనదే. ఇకనుంచి ఆలస్యానికి మినహాయింపు లేదు" అని రాశారు. నా పేరు రాయలేదు. రాయక్కర్లేకపోయింది.

డ్రైవర్లు నాతో మాట్లాడటం మానేశారు. టీ కొట్టు దగ్గర నేను వెళితే బెంచీ ఖాళీ అయ్యేది. ఒకడు మాత్రం నా మొహం మీదే అన్నాడు. "ఆఫీసులో ఉన్నప్పుడు కుర్చీలోంచి కాల్చుకు తిన్నావు. ఇప్పుడు స్టీరింగు పట్టుకుని కూడా కాల్చుకు తింటున్నావా?" నేను టీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. గేటు గుమస్తా ఆ రోజు నా చీటీ మీద ముద్ర వేస్తూ, "ఇక ఆపేద్దామా సార్?" అన్నాడు. ఇప్పుడు ఆపితే అనుమానం వస్తుందన్నాను. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఎన్ని చేతులు కావాలో అప్పుడే తెలిసింది.

నోటీసు పడిన మూడో ఆదివారం సాయంత్రం బావ మా గుమ్మం మెట్ల మీద కూర్చున్నాడు. నేను కుర్చీలో. మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఎండ ఇంకా గోడల మీద నుంచి దిగలేదు.

"నాకు నాలుగు గీతలు పడ్డాయి బావా" అన్నాడు బావ.

"తెలుసు."

"ఇంకొక్కటి పడితే గొలుసు దగ్గర కూర్చోబెడతారు." ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "గొలుసు లాగడానికా ముప్పై ఏళ్ళు నేర్చుకున్నది?"



"ఒక మాట అడుగుతాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేర్పినవాడు నేర్చుకోకూడదని ఎక్కడా లేదు. ఎలా చేస్తున్నావు? నిజంగా ఎక్కడా ఆగవా?"

మా ఆవిడ చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చాడాయన. తొందర పెట్టే మనిషి కాదు. "మిల్లు గోడ వెనక పడుకుంటున్నాను బావా, గేటు దగ్గర ముద్ర దొంగది" అని ఒక్క ముక్క. ఆయన తిట్టేవాడు. లేదా నవ్వేవాడు. ఆ తర్వాత ఐదో గీత వేయించుకుని గొలుసు దగ్గర కూర్చునేవాడేమో. కూర్చున్నా, మనిషంటూ ఉండేవాడు.

"ఆగను" అన్నాను.

"మరి టైర్లు?"

"మంచి టైర్లు వేయించాను. కాస్త చూసుకుని పోతే ఏమీ కాదు."

ఆయన తల ఊపాడు. "నేనే ముసలాణ్ణయిపోయాను కాబోలు" అన్నాడు. లేచి, మోకాళ్ళు దులుపుకుని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. నా మాటకి అంత దూరం వెళ్ళే పని లేకపోయింది. మేడ మీద గది దాకా వెళ్ళింది, చాలు.

మంగళవారం ఇద్దరికీ రేవుకే సరుకు. నేను నాలుగింటికి బయలుదేరాను. ఆయన ఆరింటికి. ఆ రోజు ఎండ ఎంత ఉందంటే, క్యాబిన్ తలుపు పిడి పట్టుకోవడానికి గుడ్డ కావలసి వచ్చింది. ఒంటిగంటకి మిల్లు గోడ వెనక బండి పెట్టుకుని, టైర్ల మీద నీళ్ళు చల్లి, కింద పడుకున్నాను.

మూడింటికి కొంచెం ముందు మెలకువ వచ్చింది. టైరు మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిది దాకా వచ్చాక రోడ్డు మీద లారీ చప్పుడు వినిపించింది. మా బావ లారీ చప్పుడు నాకు తెలుసు. చలికాలంలో ఎన్నోసార్లు అందులో ఆయన పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాను. మూడో గేరు నుంచి నాలుగులోకి మారేటప్పుడు గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న శబ్దం చేస్తుంది. ఆరింటికి గేటు దాటిన లారీ మూడింటికి ఇక్కడున్నదంటే చెట్ల వరస దగ్గర ఆగలేదన్నమాట. తొమ్మిది గంటలు ఏకబిగిన.

లేచి రోడ్డు మీదికి పరిగెత్తి చెయ్యి ఊపితే ఆయనకి అద్దంలో కనపడేవాణ్ణి. నాలుగడుగులు వేశాను కూడా. గోడ చివరిదాకా వెళ్ళి ఆగాను. ఇక్కడ ఈ గోడ వెనక నుంచి నేను బయటికి వస్తే ఆయనకి అంతా అర్థమైపోతుంది. అది తోచి ఆగాను. లారీ దాటిపోయింది. ఆయనకి నేను కనపడకూడదని ఇంకో పది నిమిషాలు కావాలని కూర్చుని, అప్పుడు బయలుదేరాను.

అరగంట ప్రయాణం తర్వాత ఏటవాలు దిగి మలుపు వస్తుంది. అక్కడ రోడ్డు మీద టైరు తోలు పొడుగ్గా చీలి పడి ఉంది. ముందు అది చూశాను. తర్వాత కంకర మీద ఈడ్చుకుపోయిన గుర్తులు. తర్వాత పల్లంలో పక్కకి ఒరిగిన లారీ, పైకి లేచి ఉన్న చక్రాలు. ఇద్దరు ముగ్గురు అప్పటికే దిగి ఉన్నారు. ఒకతను నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "మీవాళ్ళా?" అన్నాడు. అవునన్నాను. "అయితే దిగకండి" అన్నాడు. దిగాను.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయి. టైరు పేలడం ముందో, కళ్ళు మూతపడటం ముందో ఎవరూ చెప్పలేకపోయారు. నాకు ఆ తేడా అక్కర్లేదు. రెండూ నావే.

మా ఆవిడకి నేనే చెప్పాను. "మీరు ఎక్కడున్నారు అప్పుడు?" అని ఒక్కటే అడిగింది. "వెనకే వస్తున్నాను" అన్నాను.

మిగతా రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఇంటికి మనుషులు వచ్చారు, పోయారు. పైగది తలుపు ఎవరూ తీయలేదు. తెల్లవారుజామున అలవాటు కొద్దీ లేచి కూర్చుంటే పైనుంచి దగ్గు వినిపించేది కాదు. మా ఆవిడ వంట చేసేది, మూడు కంచాలు తీసేది, ఒకటి మళ్ళీ లోపల పెట్టేది.

రెండు వారాలయ్యాక మేనేజరు కబురు పంపాడు. వెళితే కూర్చోమన్నాడు. అతను నన్ను కూర్చోమనడం అదే మొదలు. ఓ కాగితం ముందుకి జరిపాడు. విచారణ నివేదిక. పట్టికలో ఇచ్చిన సమయం సరిపోతుందని, ప్రమాదానికి కారణం డ్రైవరు నిర్లక్ష్యమని, అదే దారిలో పదకొండు గంటల్లో క్రమం తప్పకుండా నడుపుతున్న సొంత లారీ యజమాని దీన్ని ధ్రువీకరిస్తున్నారని రాసుంది. కింద నా సంతకానికి చోటు వదిలారు.

"మీకు బంధువని తెలుసు" అన్నాడు. "అందుకే మీరు సంతకం పెడితే ఎవరూ మాట్లాడరు. ఇంటికి తీసుకెళ్ళి నెమ్మదిగా చదవండి."

తీసుకెళ్ళాను. చించి అతని బల్ల మీద పడేసి రావలసింది. మడిచి జేబులో పెట్టుకుని తీసుకెళ్ళాను. భోజనాల బల్ల మీద పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి, నిలబడే చదివింది. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర వేలు పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది.

తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఇనప తీగ ఉంది. చీటీలన్నీ తీగలోంచి ఊడదీసి బల్ల మీద వరసగా పేర్చింది. తొందరేమీ లేదు, బట్టలు మడతపెట్టినంత నెమ్మదిగా పేర్చింది. ఇరవై రెండు. ప్రతి చీటీ మీదా తేదీ, దాని కింద టైము. ఐదూ పది. ఐదూ పన్నెండు. ఐదూ ఎనిమిది. గేటు నుంచి వంతెనకి గంటా పది నిమిషాల దారి. ఆ సంగతి ఆమెకి నాకంటే ముందే తెలుసు. డ్రైవరు చెల్లెలు.

"వంతెన దాటాక బండి తుడుచుకునేవారా?" అని అడిగింది.

ఆమె గొంతు పెరగలేదు. ఏడుపు కూడా లేదు. జవాబు కోసం ఆగింది. నేను ఆదివారం సాయంత్రం ఇచ్చినంత తొందరగా ఈసారి జవాబు ఇవ్వలేకపోయాను. అసలు ఇవ్వనేలేదు. ఆమె చీటీలన్నీ మళ్ళీ తీగకి గుచ్చి, ఆ కాగితం మీద పెట్టింది.

"రెండూ మీవే. ఏది తీసుకెళ్తారో తీసుకెళ్ళండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తీగ తీసుకెళ్ళాను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆమె అలా అన్నాక కాగితం తీసుకెళ్ళడానికి మనిషి రాయి అయినా కావాలి. మేనేజరు ఒక్కో చీటీ చూశాడు. అతను తెలివితక్కువవాడేం కాదు, మూడో చీటీకే అర్థమైంది.

"ఇవి నేను చూశానంటే మీకు ఇక్కడ సరుకు ఉండదు. గేటు గుమస్తాకి ఉద్యోగం ఉండదు. నేను చూడలేదు. జేబులో పెట్టుకుని వెళ్ళండి" అన్నాడు.

"చూడండి" అన్నాను.

బయటికి వస్తుంటే గేటు గుమస్తా లేచి నిలబడి, "ఏమన్నారు సార్?" అన్నాడు. అతనికి ఇద్దరు పిల్లలు. చెప్పాను. అతను నన్ను తిట్టలేదు. ముద్ర తీసి డబ్బాలో పెట్టి, మూత వేసి, "మీరే కదా సార్ పెట్టించింది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది.

నివేదికలోంచి నిర్లక్ష్యం అన్న మాట తీసేశారు. దాని బదులు ఏమీ రాయలేదు. వానలు మొదలయ్యాక, వెసులుబాటు అక్కర్లేని కాలంలో, గోడ మీద పట్టిక మార్చారని తెలిసింది. రేవుకి పదమూడు గంటలు. ఎందుకు మార్చారో నోటీసు అంటించలేదు. అద్దం మాత్రం అదేనట.

నేను ఇప్పుడు దొరికిన సరుకల్లా మోస్తాను. ఇటుకలు, ఇసుక, రాళ్ళు. ఎవరి కిందా లేను. కోరుకున్నది అదేగా. రేవు వైపు వెళ్ళవలసి వస్తే చెట్ల వరస దగ్గరే ఆగుతాను. రెండింటికి అక్కడ ఇప్పుడు పదీ పదిహేను లారీలు ఉంటాయి. వాళ్ళు ఇటు చూడరు. నేను దిగి టైరు మీద అరచెయ్యి పెట్టి పది దాకా లెక్కపెడతాను, చల్లగా ఉన్నా సరే. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి చెవులు రోడ్డు మీదే ఉంటాయి.

మిల్లు గోడ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. ఆ పది నిమిషాలకి చీటీ లేదు.

ఆమె నాతో మాట్లాడుతుంది. కూర బాగుందా అంటుంది, తాళం ఎక్కడ పెట్టారంటుంది. నేను ఏ వేళకి బయలుదేరేదీ మాత్రం అడగదు. వంటింట్లో మేకు ఖాళీగా ఉంది. చొక్కాలు ఇప్పుడూ ఆమే ఉతుకుతుంది గానీ, జేబులు చూడటం మానేసింది. మొన్న దారిలో రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే, నీళ్ళలో నాని, ఎండలో గట్టిపడి, చిటికెన వేలి గోరంత కాగితం ముద్ద ఒకటి చేతికి తగిలింది. వంతెన చీటీ. విప్పబోతే పొడిపొడిగా రాలిపోయింది. అందులో టైము ఎంతో తెలియలేదు.